దెయ్యానికి విసుగుండదు

మొన్న ఒక కుర్రవాడు తను రాసిన కథ చూడమని తెచ్చిచ్చాడు. నరసరావుపేటలో పంతులుగా చేస్తున్నాడట. మర్యాదస్థుడు, చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చాడు. అది దెయ్యం కథ. పదిహేను పేజీల్లో గుడ్లగూబ మూడుసార్లు అరిచింది, కుక్కలు నాలుగుసార్లు ఏడ్చాయి, దీపం రెండుసార్లు ఆరిపోయింది, ఒక్క మనిషి మాత్రం నోరు విప్పలేదు. "ఏం నాయనా, వీళ్ళంతా మౌనవ్రతంలో ఉన్నారా?" అని అడిగాను. "భయం వాతావరణంలోంచి రావాలి కదండీ" అన్నాడు. "వాతావరణం సంగతి రేడియోవాళ్ళు చూసుకుంటారులే. నువ్వు ఇద్దరు మనుషుల్ని పట్టుకుని, మధ్యన ఒక తలుపు పెట్టి, మాట్లాడించు" అన్నాను. నొచ్చుకున్నాడో ఏమో, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నా నోరే అంత, ఏం చేస్తాం. ఈ విద్య మీకెక్కడ అబ్బిందని ఒక్క మాట అడిగి ఉంటే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది గురజాలకి రెండు కోసుల దూరంలో ఒక చిన్న ఊరు. ఊరంతా నాపరాయే. గోడలకి నాపరాయి, కప్పుకి నాపరాయి, అరుగు మీద పరిచేది నాపరాయి, పొలం గట్టున పాతేదీ నాపరాయే. మా నాన్న ఆ రాయి తీసే గనిలోనే పని చేసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇళ్ళలో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అందుకని అన్నాలు కాగానే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా వసారాలోకి చేరేవాళ్ళు. మా వసారాకి ముందు తాటాకు పందిరి ఉండేది. దాని కింద నీళ్ళు చల్లితే లేచే మట్టి వాసన, పక్కింటివాళ్ళు ఎండబోసిన మిరపకాయల ఘాటు, మా అమ్మ చేతికి సాయంత్రం దాకా అంటుకునుండే గోంగూర పచ్చడి వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఎండాకాలం. ఇప్పటికీ ఎక్కడన్నా మిరపకాయల లారీ పక్కనుంచి పోతే, తుమ్ము కంటే ముందు ఆ వసారా గుర్తొస్తుంది.

ఆ రోజుల్లోనే బూబమ్మ బొంతలు కుట్టడానికి వచ్చేది. ఆమె మొగుడు తురకల వీధిలో లాంతర్లకీ బిందెలకీ మాట్లు వేసేవాడు, ఈమె ఇల్లిల్లూ తిరిగి పాత చీరలతో బొంతలు కుట్టేది. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకురావాలి. ఒక్కో బొంతకి నాలుగు రోజులు పట్టేది. ఆ నాలుగు రోజులూ కథలే. పొట్టి మనిషి, చేతులకి నల్లగాజులు, బుగ్గన ఎప్పుడూ వక్కపలుకు. మా అమ్మ ఆమెను పిన్నీ అనేది, పిల్లలం బూబమ్మవ్వా అనేవాళ్ళం. మా అమ్మకి ఆమె కుట్టు కంటే కథలే కావాలని నా అనుమానం. ఇంట్లో ఉన్న ఆరుగురికి పదకొండు బొంతలుండేవి.

బూబమ్మ కథల్లో చీకటి ఉండేది కాదు. శ్మశానం లేదు, గాలివాన లేదు. దెయ్యం పట్టపగలే, సరిగ్గా మేం కూర్చున్న ఆ వేళకే వచ్చి తలుపు కొట్టేది. అది ఎట్లా ఉంటుందో ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. జుట్టు విరబోసుకుందా, కాళ్ళు వెనక్కి తిరిగున్నాయా అని మేం ప్రాణం తీస్తే, "తలుపేసుంటే నేనెట్టా చూస్తానే?" అని కసిరేది. ఆమె చేతిలో ఉన్నవి రెండు గొంతులే. మేం పదే పదే అడిగి చెప్పించుకున్న కథలో ఒక ఇల్లాలు ఒంటరిగా ఉంటుంది. మొగుడు పనిమీద కృష్ణ దాటి అవతలి ఒడ్డుకి పోయి వారమైనా తిరిగి రాలేదు. ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడవుతుంది.

"ఎవరూ?"

ఇక్కడ బూబమ్మ సూది ఆపేది. జవాబు ఎప్పుడూ ఒక గుక్క ఆలస్యంగా వచ్చేది.

"నేనే."

"నేనే అంటే?"

"నేనే. తలుపు తియ్యి."

"ఏ ఊరి నుంచి వస్తన్నావు?"

"నువ్వు అనుకుంటన్న ఊరి నుంచే."

"ఏం తెచ్చావు?"

"నువ్వు తెమ్మన్నదే తెచ్చా."

"నీ పేరేంది?"

"నా పేరు నువ్వు చెప్పు."

ఈ మాట దగ్గర పిల్లలం అమ్మల ఒళ్ళో దూరేవాళ్ళం. ఇప్పటివాళ్ళకి ఇందులో భయమేముందో విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు ఆడది మొగుడి పేరు నోటితో పలికేది కాదు. ఎవరన్నా సర్కారు మనిషి వచ్చి ఇంటి యజమాని పేరు అడిగితే పక్కింటామెను కేకేసి చెప్పించేవాళ్ళు. మొగుడి పేరు వెంకయ్య అయితే తిరుపతి వెంకన్న కూడా ఆ ఇంట్లో ఏడుకొండల సామి అయిపోవాల్సిందే. కథలో బయట నిలబడినదానికి ఆ పేరు తెలియదు. ఇల్లాలి నోటి నుంచి అది రాలిందంటే దాన్ని తొడుక్కుని, మొగుడై లోపలికి వస్తుంది. పాపం ఆ పిల్ల భయపడి కాదు, అలవాటు కొద్దీ పేరు చెప్పక బతికిపోతుంది.

కథ అయ్యాక బూబమ్మ దారం పంటితో తెంపి మాకు బుద్ధులు చెప్పేది. "దెయ్యం అబద్ధమాడదు, కాకపోతే అడిగినదానికి జవాబు చెప్పదు. అడిగిందే తిప్పి చెప్తది. ఇంకోటి. మొగోణ్ణి రెండుసార్లు అడిగితే విసుక్కుంటాడు, మూడోసారి తిడతాడు. దెయ్యానికి విసుగుండదు. ఎన్నిసార్లడిగినా మెత్తగా చెప్తది. మెత్తగా చెప్పిందా, ఇంక తలుపు తియ్యమాకండి." వెంటనే ఎవరో ఒకరు, "అయితే మా ఇంటాయన నికార్సయిన మనిషే పిన్నీ, ఒక్కసారికే తిడతాడు" అనేవాళ్ళు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. భయం వేశాక వచ్చే నవ్వు చానాసేపుంటుంది.

ఆ వసారాకి రాని మనిషి ఒకత్తే, మా అంకమ్మత్త. నాన్నకి చెల్లెలు. రెండు వీధుల అవతల ఆమె అత్తవారిల్లు. మామ కూడా నాపరాళ్ళ గనిలోనే పనిచేసేవాడు. ముక్కు మీద కోపం. నాకు రెండో ఏడు నడిచేటప్పుడు మేస్త్రీతో మాటా మాటా వచ్చి, చేతిలో గునపం అక్కడే పారేసి, గుంటూరు పోయి మిలట్రీలో చేరిపోయాడట. తర్వాతి ఏడే వాళ్ళమ్మ పోయింది. అత్త ఆ ఇంట్లో ఒంటరిదైంది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. యుద్ధం అయిపోయిందన్నారు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒకరిద్దరు తిరిగొచ్చారు, మామ రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకడు, మామతో ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదని విన్నానన్నాడు. ఊరికి ఆ మాట చాలు. ఆమె నుదుటి బొట్టు వైపు ఆడవాళ్ళు చూసే చూపు మారిపోయింది. అత్త బొట్టు తియ్యలేదు గానీ, నలుగురిలోకి రావడం మానేసింది.

మా వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. నాన్న బెల్లంకొండ నుంచి ఒక సంబంధం చూశాడు. అతనికి పెళ్ళాం పోయింది, ఒక చిన్నపిల్ల ఉంది, రెండు జతల ఎద్దులున్నాయి. "ఎన్నాళ్ళుంటావమ్మా ఒక్కదానివి? వచ్చే పున్నమికి మాట ఖాయం చేసేస్తా" అన్నాడు నాన్న. అత్త చేటలో జొన్నలు చెరుగుతూనే ఉంది. నన్ను ఆమెకు తోడుగా ఉండమని పంపారు. తిండికి లోటు లేదు, తిట్టేవాళ్ళు లేరు. నాకు అంతకంటే ఏం కావాలి!

మధ్యాహ్నం వసారాలో కథ వినడం, విన్నది విన్నట్టు మోసుకుపోయి అత్తకి చెప్పడం, ఇదీ నా దినచర్య. రెండు గొంతులూ నేనే పలికేదాన్ని. ఎక్కడ ఆగితే అత్త చేతిలో చేట ఆగుతుందో నాకు రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోయింది. జవాబు వెంటనే ఇస్తే ఆమె చెరుగుతూనే ఉండేది. ఒక్క గుక్క ఆపితే తలెత్తి చూసేది. రచయితనని నన్ను ఎవరన్నా అంటే నాకు ముందు ఆ వంటిల్లే గుర్తొస్తుంది. నాకు మొట్టమొదట దొరికిన శ్రోత ఆమె, అంత మంచి శ్రోత మళ్ళీ దొరకలేదు. ఒకనాడు కథ మధ్యలో, "నిజంగా మొగుడే వస్తే ఎట్టా తెలుస్తదే?" అని అడిగింది. "మొగుడైతే విసుక్కుంటాడు గదత్తా" అన్నాను బూబమ్మలాగా బుగ్గన నాలుక పెట్టుకుని. అత్త నవ్వింది. "మీ మామైతే విసుక్కోవడం కూడానా, తలుపు పగలగొట్టేవాడు" అంది.

పున్నమి ఆరు రోజులుందనగా ఇది జరిగింది. అన్నాలు తిని, తలుపు గడియ వేసుకుని, వంటింట్లో కూర్చున్నాం. నేను అదే కథ అదెన్నోసారో చెప్తున్నాను. అరుగు మీద దగ్గు వినబడింది. తర్వాత తలుపు చప్పుడైంది. అత్త లేచి సావిట్లోకి వెళ్ళింది, వెనకాలే నేను.

"ఎవరూ?" అంది అత్త.

జవాబు వెంటనే రాలేదు.

"నేనే."

బొంగురు గొంతు. నేను ఎరిగిన గొంతు కాదు. అత్త ముఖం చూస్తే ఆమె ఎరిగినదీ కాదు.

"నేనే అంటే ఎవరయ్యా?"

"నేనే. తియ్యి."

"యాణ్ణుంచి వస్తన్నావు?"

"చానా దూరం నుంచి."

నేను అత్త కొంగు పట్టుకున్నాను. నేను చెప్తున్న కథ తలుపు అవతల నుంచి నాకే వినబడుతోంది.

"ఎవరికోసం వచ్చావు?"

"నీ కోసమే."

"ఎవరి ఇల్లనుకుంటన్నావు?"

"మా ఇల్లనుకునే వచ్చా."

ఒక్క మాటలోనూ విసుగు లేదు. అడిగినకొద్దీ ఆ గొంతు ఇంకా మెత్తబడుతోంది. అత్త నా వైపు వంగి, "విసుక్కోడేందే?" అంది గొణుగుతూ. ఆమె చెయ్యి చల్లగా ఉంది. తర్వాత తలుపుకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, అడగకూడదని తెలిసీ అడిగింది.

"నీ పేరేంది?"

బయట చిన్నగా నవ్విన చప్పుడు.

"నా పేరు నువ్వే చెప్పు."

నేను కేక పెట్టాను. "తియ్యమాక! తలుపు తియ్యమాక! లోపలికి రానియ్యమాక!"

బయట నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. పక్కింటి గేదె మెడగంట మాత్రం రెండుసార్లు మోగింది. తర్వాత ఆ గొంతు, ఈసారి తలుపుకి కాస్త దూరం నుంచి, "సరేలే అంకీ, నేను పోతన్నా. గడియ గట్టిగా ఏసుకో" అంది. అరుగు మెట్లు దిగిన చప్పుడు, వీధిలో అడుగుల చప్పుడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "పోయిందత్తా, ఓడిపోయింది!" అని గంతులేశాను. అత్త తలుపు వైపే చూస్తూ నిలబడింది. "ఏమే, లోపలికి రావాలని వచ్చింది గడియ గట్టిగా ఏసుకోమంటదా?" అంది. బూబమ్మ కథల్లో ఏ దెయ్యమూ ఆ మాట అనలేదు. అంకీ అని పిలిచేవాడు ప్రపంచంలో ఒక్కడేనన్న సంగతి నాకు తెలియదు. వాళ్ళ పెళ్ళినాడు ఆ గడప దగ్గరే ఆడబిడ్డలు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటే, అత్త సిగ్గుతో చచ్చినా చెప్పలేదట. పక్కన నిలబడి నవ్వుతూ "నా పేరు నువ్వే చెప్పు, చెప్పు" అని ఆ రోజంతా ఏడిపించింది ఆయనేనట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా అత్త గడియ లాగి వీధిలోకి పరుగెత్తడమే.

రేకుపెట్టె భుజాన పెట్టుకుని ఒక బక్కచిక్కిన మనిషి వీధి చివరకి చేరుకున్నాడు. చొక్కా వేలాడుతోంది, కాలు కొంచెం ఈడుస్తున్నాడు. వెనకనుంచి చూస్తే ఎవరైనా కావచ్చు. అత్తకి అంత దూరం పరుగెత్తే ఓపిక లేదు. నడివీధిలో, మిట్టమధ్యాహ్నం, అరుగుల మీద జనం చూస్తుండగా, ఊరంతా వినబడేట్టు అరిచింది.

"కోటయ్యా!"

కోటప్పకొండ మొక్కులతో పుట్టిన ఊరు మాది, ఇంటికో కోటయ్య. తలుపుల్లోంచి ఒక కోటయ్య, బండి కింద పడుకున్న ఒక కోటయ్య, చుట్ట కాలుస్తున్న ముసలి కోటయ్య, ముగ్గురూ "ఏందమ్మా?" అంటూ లేచారు. వీధి చివరి మనిషి మాత్రం ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. పెట్టె దించలేదు. అత్త ఇంకోసారి పిలిచింది. అప్పుడు తిరిగాడు. అత్త దగ్గరికి పోయి, ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు, పెట్టె లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "నాలుగు మాటలడిగితేనే పోతావా?" అంది. "నువ్వడిగింది ఆరు" అన్నాడు మామ. ఆ తర్వాత ఆయన ఏడ్చాడు.

పరదేశంలో అడవుల్లో, తర్వాత శత్రువుల చెరలో, తర్వాత ఆసుపత్రిలో ఆయన పడ్డ బాధలు చాలావరకు చెప్పుకోలేదు. గొంతు జ్వరాల్లో పోయింది. కోపం ఎక్కడ పోయిందో ఆయనకే తెలియదు. మర్నాడు బూబమ్మ వచ్చి ఆయన్ని ఎగాదిగా చూసి, "ఒక్కసారన్నా విసుక్కోలేదంట గదా నాయనా? మరి నీదే తప్పు" అని తేల్చేసింది. అయినా ఆ కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. నేను అడిగితే, "అది అయిపోయింది లేవే" అంది. నాన్న బెల్లంకొండకి కబురు పంపి క్షమాపణ చెప్పుకున్నాడు. అత్త మళ్ళీ జన్మలో ఆ పేరు పలకలేదు. ఏమయ్యో, ఇదిగో, నిన్నే, ఇట్లాగే గడిపేసింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు తలుపుకి కన్నంత అద్దం బిళ్ళ ఉంది. గంట మోగగానే కన్ను ఆనించి చూస్తే వచ్చినవాడి ముక్కుతో సహా కనబడుతుంది. ఫోను మోగితే పేరు ముందే తెర మీద పడుతుంది. నా మనవరాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, కోపమొస్తే పేరు కూడా పెట్టదు. నాకేం బాధ లేదు, అట్లాగే ఉండాలి. కాకపోతే "ఎవరూ?" అని అడిగి, ఆ ఒక్క గుక్క ఆగి, అవతలి గొంతు కోసం చెవి ఒగ్గడం మాత్రం జనానికి తెలియకుండా పోయింది. వాళ్ళని భయపెట్టడానికి పాపం రచయితలు గుడ్లగూబల్ని నమ్ముకుంటున్నారు.

ఆ మధ్యాహ్నాన్నే అటూ ఇటూ మార్చి నేను మొదటి కథ రాశాను. వారపత్రికలో అచ్చయింది. మామకి చదువు రాదు, నేనే ఊరు వెళ్ళి చదివి వినిపించాను. కథంతా తలుపుకి లోపలే. లోపలి ఆడమనిషి గుండె, ఆమె చెయ్యి, ఆమె కొంగు పట్టుకున్న పిల్ల. అత్త దొడ్లో అంట్లు తోముతోంది. మామ అంతా విని, "బానే రాశావు గానీ, బయటున్నోడి సంగతి రాయలేదేమ్మా?" అన్నాడు.

"బయటున్నవాడికి ఏముంది మామా? వాడు మామే కదా."

"రైలు దిగంగానే స్టేషన్లో ఎవడో చెప్పాడు, మీ బామ్మర్ది ఒక పిల్ల తండ్రిని చూశాడంట, మీ ఆడమనిషిని ఇస్తన్నాడంట అని. నేను నమ్మలేదు. నవ్వులాటకి పేరు చెప్పమన్నా. అప్పుడు లోపల్నుంచి పిల్ల గొంతు వినపడింది, రానియ్యమాక అని."

ఇన్నేళ్ళుగా ఆయన కోపంతో వెళ్ళిపోబోయాడనుకున్నాను. అత్త కూడా అట్లాగే అనుకునుంటుంది. నా గొంతు విని ఆ బెల్లంకొండవాడి పిల్ల అప్పుడే ఇంట్లో ఉందనుకున్నాడని, అత్త బతుకు ఇంకొంచెంలో నా నోటితోనే పోయేదని, అప్పుడు తెలిసింది.

"వెంటనే పోలేదు కదా మామా, చానాసేపు నిలబడ్డావు."

"కాళ్ళు రాలా."

"భయమేసిందా?"

"ఎయ్యకేం" అన్నాడు మామ, దొడ్డివైపు చూస్తూ. "తలుపు తీస్తదేమోనని."